ఇంగ్లండ్‌లో ఫ్లాట్‌కి ఫైర్ సేఫ్టీ రిపేర్ల బిల్లు వచ్చింది, ప్రభుత్వ నిధి నాకు వర్తిస్తుందా?

మీ ప్రశ్నని ముందు కుదించి చెబుతాను, ఇదే ఇబ్బందిలో ఉన్న మిగతావాళ్లకీ పనికొస్తుంది. మీరు ఈస్ట్ లండన్‌లో ఆరంతస్తుల బిల్డింగ్‌లో 2018లో 4,10,000 పౌండ్లకి ఫ్లాట్ కొన్నారు. 2021లో పిల్లల స్కూలు కోసం ఇంకో ఇల్లు కొనుక్కుని అందులోకి మారి, ఫ్లాట్ అద్దెకిచ్చారు. కొండాపూర్‌లో ఒక ఫ్లాటు, విజయవాడలో ఒక ఫ్లాటు ఉన్నాయి. ఇప్పుడు బయటి గోడల క్లాడింగ్ (గోడ మీద బిగించే పలకల తొడుగు) మార్చడానికి, ఫైర్ డోర్లకి, ఇతర పనులకి కలిపి మీ వాటా 38,000 పౌండ్లని మేనేజింగ్ ఏజెంట్ డిమాండ్ పంపాడు. ప్రభుత్వ డబ్బుకి ఎలా అప్లై చేయాలి, నాలుగు ఇళ్లున్నాయి కాబట్టి నేను అనర్హుణ్ణా, ఈలోగా బిల్లు కట్టేయాలా అని అడిగారు. వచ్చే ఏడాది అమ్మేద్దామనుకుంటున్నానని, వాట్సాప్ గ్రూపుల్లో స్నేహితులు లోన్ పథకమంటూ రకరకాలుగా చెబుతున్నారని కూడా రాశారు.

సూటిగా చెప్పాలంటే: ఆ 38,000 ఇప్పుడు కట్టకండి. నిధికి అప్లై చేయాల్సింది మీరు కాదు, ఫ్రీహోల్డర్, అంటే బిల్డింగ్ అసలు యజమాని (మీలా దీర్ఘకాల లీజు మీద ఫ్లాట్ కొన్నవాళ్లు లీజ్‌హోల్డర్లు). మీ ఇండియా ఫ్లాట్లు అసలు లెక్కలోకి రావు. మీరు రాసినదాన్ని బట్టి క్లాడింగ్ పనికి మీరు ఒక్క పౌండు కూడా ఇవ్వనక్కర్లేదు. మిగతా పనులకి మహా అయితే 15,000 పౌండ్లు, అదీ పదేళ్లలో. చాలా సందర్భాల్లో అది కూడా ఉండదు. కాకపోతే ఇవన్నీ వాటంతటవే జరిగిపోవు. మీరు కొన్ని కాగితాలు పంపాలి, కొన్ని అడగాలి.

ఒక జాగ్రత్త. మామూలు సర్వీస్ ఛార్జ్ (బిల్డింగ్ నిర్వహణ ఖర్చు), గ్రౌండ్ రెంట్ (ఫ్రీహోల్డర్‌కి కట్టే స్థలం అద్దె) మాత్రం ఆపకండి. కోపంలో మొత్తం ఆపేసినవాళ్లని చూశాను. అప్పుడు అసలు వివాదం పక్కకిపోయి, బకాయిల కింద లీజు మీదకే వస్తారు. రిపేర్ల డిమాండ్‌ని మాత్రం విడిగా, రాతపూర్వకంగా, కారణం చెప్పి ప్రశ్నించండి.

నేను ఇంగ్లండ్‌లో ఫ్లాట్ల బ్లాకుల మేనేజ్‌మెంట్‌లో చాలా ఏళ్లుగా ఉన్నాను. 2017లో గ్రెన్‌ఫెల్ టవర్ అగ్నిప్రమాదం తర్వాత నా పనిలో పెద్ద భాగం ఇదే. లాయర్ని కాదు, ట్రిబ్యునల్ దాకా వెళ్తే లీజ్‌హోల్డ్ చట్టం తెలిసిన సొలిసిటర్ని పెట్టుకోవాలి. కానీ అక్కడికి వెళ్లేలోపు చేయాల్సినదంతా మామూలు మనిషి చేయగలిగిందే.

వాట్సాప్ గ్రూపుల్లో మీకు రకరకాలుగా ఎందుకు చెబుతున్నారంటే, ఈ నిబంధనలు మారుతూ వచ్చాయి. 2017 జూన్ 14న పశ్చిమ లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్‌లో నాలుగో అంతస్తు ఫ్లాట్‌లో ఫ్రిజ్ దగ్గర పుట్టిన మంట, కిటికీ దాటి బయటి క్లాడింగ్‌కి అంటుకుని, 24 అంతస్తుల భవనాన్ని చుట్టేసింది. 72 మంది చనిపోయారు. ఆ పలకలు రెండు పల్చటి అల్యూమినియం రేకుల మధ్య పాలిథిలీన్ ప్లాస్టిక్ పెట్టి చేసినవి. గోడకీ పలకకీ మధ్య ఉండే ఖాళీలో, మంటని అడ్డుకునే బారియర్లు సరిగ్గా లేకపోతే, ఆ ఖాళీ పొగగొట్టంలా పనిచేసి మంటని పైకి లాగేస్తుంది. దేశమంతా తనిఖీలు మొదలుపెడితే ఇలాంటి బిల్డింగులు వందల్లో బయటపడ్డాయి.

ప్రభుత్వం మొదట 2018లో సోషల్ హౌసింగ్ టవర్లకి 40 కోట్ల పౌండ్లు ఇచ్చింది. 2019లో ప్రైవేటు టవర్లకి 20 కోట్లు. రెండూ గ్రెన్‌ఫెల్ రకం పలకలకే. మిగతా ప్రమాదకరమైన క్లాడింగ్‌కి 2020 మార్చి బడ్జెట్‌లో 100 కోట్లతో బిల్డింగ్ సేఫ్టీ ఫండ్ పెట్టారు, అదీ 18 మీటర్లు, ఆపైన ఉన్నవాటికే. 2021 ఫిబ్రవరిలో ఇంకో 350 కోట్లు కలిపారు. అప్పుడు 11 నుంచి 18 మీటర్ల బిల్డింగుల్లో ఉన్నవాళ్లకి గ్రాంటు లేదు, లోన్ ఇస్తాం, నెలకి 50 పౌండ్లు మించకుండా కట్టుకోండి అన్నారు. మీ స్నేహితులు చెబుతున్న ఆ లోన్ పథకం 2022 జనవరిలోనే రద్దయింది. దాని స్థానంలో వచ్చిందే బిల్డింగ్ సేఫ్టీ యాక్ట్ 2022. లీజ్‌హోల్డర్ల రక్షణలు ఆ ఏడాది జూన్ 28 నుంచి అమల్లో ఉన్నాయి. అంతకుముందు రాసిన సలహా ఏది కనబడినా పక్కన పెట్టేయండి.

ఇక మీ విషయం.

మొత్తం వ్యవహారం 2022 ఫిబ్రవరి 14 అనే ఒక్క తేదీ చుట్టూ తిరుగుతుంది. ఆ రోజున ఫ్లాట్ ఎవరిది, వాళ్ల పరిస్థితి ఏంటి అన్నదే చూస్తారు. బిల్డింగ్ కనీసం 11 మీటర్ల ఎత్తో, ఐదంతస్తులో ఉండాలి. లీజు 21 ఏళ్లకి మించినదై ఉండాలి. సర్వీస్ ఛార్జ్ కట్టే బాధ్యత అందులో ఉండాలి. ఆ పైన ఆ రోజున ఆ ఫ్లాట్ మీ ప్రధాన నివాసమై ఉండాలి, లేదా యునైటెడ్ కింగ్‌డమ్ మొత్తంలో ఆ ఫ్లాట్‌తో కలిపి మీకు మూడు ఇళ్లకి మించి ఉండకూడదు. రెండింట్లో ఒకటి చాలు.

మీరు అప్పటికే ఫ్లాట్ ఖాళీ చేసి మారిపోయారు కాబట్టి మొదటిది కుదరదు. రెండోది కుదురుతుంది, ఎందుకంటే యూకేలో మీకున్నవి రెండే. కొండాపూర్, విజయవాడ ఇళ్లు యూకేలో లేవు. మనవాళ్లలో ఇది చాలామందికి తెలియక, ఊళ్లో నాన్నగారి ఇల్లు కూడా లెక్కేసుకుని, మాకు రాదులే అని వదిలేస్తున్నారు. దయచేసి అలా వదిలేయకండి.

ఆ షరతులకి సరిపోయిన లీజుని క్వాలిఫైయింగ్ లీజ్ అంటారు. దానికి క్లాడింగ్ తీసి మార్చే ఖర్చు వేయడం చట్టం ఒప్పుకోదు. ప్రభుత్వ నిధి వచ్చినా, రాకపోయినా అంతే. క్లాడింగ్ కాకుండా మిగతా ఫైర్ సేఫ్టీ లోపాలున్నాయి: ఫ్లాట్‌కీ ఫ్లాట్‌కీ మధ్య మంట ఆపాల్సిన గోడల్లో పైపుల కోసం పొడిచిన కంతలు, నాసి రకం ఫైర్ డోర్లు, కారిడార్లో పొగ బయటికి పోయే ఏర్పాటు లేకపోవడం లాంటివి. వీటికి లండన్‌లో 15,000, బయట 10,000 పౌండ్లు గరిష్ఠ పరిమితి. ఏడాదికి అందులో పదోవంతు మించి అడగకూడదు. పది లక్షల పౌండ్లు దాటిన ఫ్లాట్లకి పరిమితి ఎక్కువ, అది మీకు సంబంధం లేదు. లండన్‌లో 3,25,000, బయట 1,75,000 పౌండ్ల లోపు విలువైన ఫ్లాట్లకి ఆ భారమూ లేదు. విలువంటే ఇవాళ్టి ఎస్టేట్ ఏజెంట్ చెప్పే ధర కాదు. 2022 ఫిబ్రవరి 14కి ముందు చివరిగా అమ్ముడైన ధరని ఇళ్ల ధరల సూచీ ప్రకారం ఆ తేదీకి సవరించి చూస్తారు.

2022 జూన్ 28కి ముందు ఐదేళ్లలో ఇలాంటి పనులకి మీరు ఏమైనా కట్టి ఉంటే అదీ ఆ పరిమితిలోంచే పోతుంది. రాత్రింబవళ్లు మనుషులు తిరుగుతూ మంటల కోసం కాపలా కాసే వేకింగ్ వాచ్‌కి కట్టినది కూడా. పాత సర్వీస్ ఛార్జ్ స్టేట్‌మెంట్లు వెతికి పెట్టుకోండి.

ఆ 15,000 కూడా చాలాసార్లు ఉండదని ఎందుకన్నానంటే, అది అడగాలంటే ఫ్రీహోల్డర్ ముందు రెండు పరీక్షలు నెగ్గాలి. బిల్డింగ్ కట్టిన కంపెనీకీ ఫ్రీహోల్డర్‌కీ సంబంధం ఉంటే మీ మీద వేయడానికి లేదు. ఫ్రీహోల్డర్ గ్రూపు నికర ఆస్తి, 2022 ఫిబ్రవరి 14 నాటికి, వాళ్ల చేతిలో ఉన్న ఇలాంటి ఒక్కో బిల్డింగ్‌కి 20 లక్షల పౌండ్లకి మించి ఉంటే అప్పుడూ వేయడానికి లేదు. పెద్ద ఇన్వెస్ట్‌మెంట్ ఫండ్ల చేతుల్లో ఉన్న ఫ్రీహోల్డులు చాలావరకు ఇక్కడే ఆగిపోతాయి.

ఇప్పుడు కాగితాలు. రెండే ఉన్నాయి. మీ వైపు నుంచి ఇచ్చేది లీజ్‌హోల్డర్ డీడ్ ఆఫ్ సర్టిఫికేట్. ప్రభుత్వ వెబ్‌సైట్లో నమూనా ఉంది, సాక్షి ముందు సంతకం పెట్టాలి. దానికి ల్యాండ్ రిజిస్ట్రీ టైటిల్, కొన్న ధర ఆధారం జతచేయండి. యూకేలో మీకున్న రెండు ఇళ్లూ నిజాయితీగా చూపించండి. ఫ్రీహోల్డర్ అడిగినప్పుడు కనీసం 8 వారాల గడువిస్తారు. ఆ లెటర్ని పక్కన పడేస్తే మీది క్వాలిఫైయింగ్ కాదన్నట్టే లెక్క కడతారు. అడగకముందే పంపేయడం మంచిది.

రెండోది ఫ్రీహోల్డర్ ఇవ్వాల్సింది, ల్యాండ్‌లార్డ్స్ సర్టిఫికేట్. పైన చెప్పిన సంబంధాలు, ఆస్తుల వివరాలు, ఇప్పటిదాకా ఖర్చుల లెక్కలు అందులో ఉండాలి. రిపేర్ల డబ్బు అడిగే డిమాండ్‌తోపాటే అది రావాలి. మీరు అడిగితే 4 వారాల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే, ఆ ఆస్తి పరిమితి దాటినట్టే చట్టం భావిస్తుంది. అంటే ఆ లోపాల ఖర్చు మీ మీద వేసే హక్కు పోతుంది. మీకొచ్చిన డిమాండ్‌తో ఆ సర్టిఫికేట్ వచ్చిందో లేదో రాయలేదు. నాకు తెలిసి చాలా డిమాండ్లు అది లేకుండానే వస్తున్నాయి.

నేను దగ్గరుండి చూసిన ఒక కేసు. నైరుతి లండన్‌లో ఒక గుంటూరు దంపతులకి ఇలాగే పెద్ద మొత్తం అడుగుతూ ఒకే లైన్‌లో 'ఫైర్ సేఫ్టీ వర్క్స్' అని రాసి పంపారు. ఆవిడ ఏడుపు గొంతుతో ఫోన్ చేశారు, ఇండియాలో స్థలం అమ్మేసి కడదామనుకుంటున్నారు. మేం చేసిందల్లా రెండు పేజీల ఈమెయిల్: క్లాడింగ్‌కి ఎంత, లోపలి పనులకి ఎంత, కన్సల్టెంట్ ఫీజు ఎంత, విడదీసి చెప్పండి, ల్యాండ్‌లార్డ్స్ సర్టిఫికేట్ పంపండి, ఇదిగో మా డీడ్. గడువు దాటినా సర్టిఫికేట్ రాలేదు. ఇంకో లెటర్ రాశాక డిమాండ్ వెనక్కి తీసుకున్నారు. స్థలం అమ్మలేదు.

ఇంకో కేసులో ఇంత మంచి వార్త లేదు. ఒక అబ్బాయి 2023లో తాను ఉండటానికే ఫ్లాట్ కొన్నాడు. అతనికి వేరే ఇల్లు ఎక్కడా లేదు. కానీ 2022 ఫిబ్రవరి 14న ఆ ఫ్లాట్ పది, పన్నెండు ఇళ్లున్న ఒక ఇన్వెస్టర్‌ది. హోదా లీజుతోపాటే నడుస్తుంది, మనిషితో కాదు. అందుకని క్వాలిఫైయింగ్ లీజ్ రక్షణ అతనికి లేదు. కొనేటప్పుడు పాత ఓనర్ డీడ్ కావాలని అతని సొలిసిటర్ గట్టిగా పట్టుబట్టలేదు. ఇప్పుడు ఇంగ్లండ్‌లో ఫ్లాట్ కొంటున్న ప్రతివాళ్లకీ నా విన్నపం: 11 మీటర్లు దాటిన బిల్డింగ్ అయితే, 2022 ఫిబ్రవరి 14 నాటి ఓనర్ ఇచ్చిన డీడ్ చేతికి రాకుండా ఎక్స్‌చేంజ్ (వెనక్కి తగ్గలేని కొనుగోలు ఒప్పందం) చేయకండి. మీరు అమ్మేటప్పుడూ ఇదే వర్తిస్తుంది. మీ దగ్గర కొనేవాడికి మీ డీడే ఆస్తి.

ఇక నిధి సంగతి. 18 మీటర్లు, ఆపైన ఉన్న లండన్ బిల్డింగులకి బిల్డింగ్ సేఫ్టీ ఫండ్ ఉంది. 11 నుంచి 18 మీటర్ల వాటికి, లండన్ బయటైతే ఇంకా ఎత్తైనవాటికి కూడా, 2023 జులైలో పూర్తిస్థాయిలో మొదలైన క్లాడింగ్ సేఫ్టీ స్కీమ్ ఉంది. దాన్ని ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థ హోమ్స్ ఇంగ్లండ్ నడుపుతోంది. ఎత్తు కొలిచేది కప్పు దాకా కాదు, నేల నుంచి ఆఖరి అంతస్తు ఫ్లోరు దాకా. ఆరంతస్తులంటే మీది రెండో స్కీమ్‌లోకి వచ్చే అవకాశమే ఎక్కువ. డబ్బు బిల్డింగ్‌కి గ్రాంటుగా వెళ్తుంది, మీ ఖాతాకి రాదు. ముందు ఫైర్ ఇంజనీర్ బయటి గోడల రిస్క్ అంచనా వేయాలి. ఇది పీఏఎస్ 9980 అనే బ్రిటిష్ ప్రమాణం పద్ధతిలో, ఎఫ్‌ఆర్‌ఏఈడబ్ల్యూ అనే రిపోర్టుగా వస్తుంది. తర్వాత అర్హత, టెండర్లు, గ్రాంట్ ఒప్పందం, అప్పుడు పని. ఏళ్లు పడుతుంది. పరంజా కట్టి, గోడలకి షీట్లు చుట్టేస్తే లోపల అద్దెకున్నవాళ్లకి వెలుతురు ఉండదు. అద్దె తగ్గించినా, వాళ్లు ఖాళీ చేసినా ఆ నష్టం ఏ నిధీ ఇవ్వదు. బిల్డింగ్ ఇన్సూరెన్స్ ప్రీమియం పెరుగుదల కూడా ఈ రక్షణల్లోకి రాదు, అది సర్వీస్ ఛార్జ్‌లో కనిపిస్తూనే ఉంటుంది.

ఫ్రీహోల్డర్ కదలకపోతే ఏం చేయాలన్నది మీ అసలు సమస్య అవుతుందని నా అంచనా. బిల్డింగ్ స్కీమ్‌లో లేదనుకుంటే ఫ్లాట్ ఓనర్లే హోమ్స్ ఇంగ్లండ్‌కి తెలియజేసే ఆన్‌లైన్ ఫారం ఉంది, అది నింపండి. స్థానిక కౌన్సిల్‌కీ, ఫైర్ బ్రిగేడ్‌కీ రాయండి. ఫలానా తేదీలోపు బాగుచేయమని ఫ్రీహోల్డర్‌ని ఆదేశించే రెమెడియేషన్ ఆర్డర్ కోసం ఫస్ట్-టియర్ ట్రిబ్యునల్‌కి కౌన్సిలూ, ఫైర్ బ్రిగేడూ వెళ్లొచ్చు, లీజ్‌హోల్డర్‌గా మీరూ వెళ్లొచ్చు. ఒక్కరే కాకుండా పది ఫ్లాట్లవాళ్లు కలిసి సంతకాలు పెట్టి రాస్తే ఏజెంట్ జవాబిచ్చే తీరే వేరుగా ఉంటుంది. నేను ఏజెంట్ల వైపు కూర్చున్నవాణ్ణి కాబట్టి చెబుతున్నాను.

బిల్డర్ ఎవరో తప్పకుండా కనుక్కోండి. పెద్ద బిల్డర్లు చాలామంది 2023లో ప్రభుత్వంతో ఒప్పందం మీద సంతకం పెట్టారు. తాము కట్టిన 11 మీటర్లు దాటిన బిల్డింగుల్లో ప్రాణాపాయం కలిగించే ఫైర్ లోపాలని, బయటి గోడవైనా లోపలివైనా, తమ ఖర్చుతో బాగుచేస్తామన్నారు. మీది వాళ్లు కట్టిందైతే నిధి గొడవే ఉండదు. కట్టినవాళ్ల నుంచి డబ్బు రాబట్టడానికి కాంట్రిబ్యూషన్ ఆర్డర్ అనే దారి కూడా ఉంది. 2012 ఒలింపిక్స్ క్రీడాకారుల కోసం స్ట్రాట్‌ఫర్డ్‌లో కట్టిన ఫ్లాట్ల కేసులో, ప్రభుత్వ నిధి అప్పటికే మంజూరైనా సరే, డెవలపర్, దాని వెనకున్న సంస్థలు సుమారు 1.8 కోట్ల పౌండ్లు కట్టాలని 2024 జనవరిలో ట్రిబ్యునల్ ఆదేశించింది. 2025 జులైలో కోర్ట్ ఆఫ్ అప్పీల్ దాన్ని సమర్థించింది. నాకు ఇది చాలా ముఖ్యమైన తీర్పు. జనం పన్నుల డబ్బు చివరి ఆసరాగా ఉండాలి గానీ, తప్పు కట్టుబడి చేసినవాళ్లకి రాయితీ కాకూడదు.

కొన్ని మినహాయింపులు త్వరగా చెప్పేస్తాను. 11 మీటర్ల లోపు, ఐదంతస్తులకి తక్కువ ఉన్న బిల్డింగులకి ఈ రక్షణలు లేవు, స్కీమూ లేదు. ఫ్లాట్ ఓనర్లందరూ కలిసి ఫ్రీహోల్డ్ కొనుక్కున్న బిల్డింగులకి ఈ పరిమితులు వర్తించవు, క్లాడింగ్ నిధికి మాత్రం అప్లై చేసుకోవచ్చు. లీజు పొడిగించుకుంటే రక్షణ పోతుందని ఒకప్పుడు ఉండేది, 2023లో చట్టం మార్చి సరిచేశారు. నేను చెప్పిందంతా ఇంగ్లండ్‌కే. వేల్స్, స్కాట్లండ్ పద్ధతులు వేరు. మెల్‌బోర్న్, సిడ్నీల నుంచి ఇదే అడుగుతున్నవాళ్లు కూడా ఇక్కడున్నారు: విక్టోరియా ప్రభుత్వం 2019లో 60 కోట్ల డాలర్లతో క్లాడింగ్ తీయించే కార్యక్రమం పెట్టింది, న్యూ సౌత్ వేల్స్‌ది గ్రాంటు కాదు, పదేళ్ల వడ్డీ లేని లోన్. మన హైదరాబాద్‌లో, విజయవాడలో ఇలాంటి నిధి వెతక్కండి. అక్కడ పట్టుకోవాల్సింది రెరా చట్టం సెక్షన్ 14ని: పొజెషన్ ఇచ్చిన ఐదేళ్లలో నిర్మాణ లోపం చూపిస్తే బిల్డరే 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. ఆ ఐదేళ్లు గడవకముందే మీ కొండాపూర్ అసోసియేషన్ చేత ఒకసారి ఫైర్ పంపులు, డోర్లు తనిఖీ చేయించండి.

అమ్మే విషయానికి వస్తే, పని పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదు. 2023 జనవరి నుంచి ఆరు పెద్ద బ్యాంకులు, బిల్డింగ్ నిధిలోనో బిల్డర్ ఒప్పందంలోనో ఉన్నా, లేదా లీజుకి చట్ట రక్షణ ఉన్నా లోన్ దరఖాస్తు పరిశీలిస్తామని చెప్పాయి. బయటి గోడల భద్రత గురించి నిపుణులిచ్చే ఈడబ్ల్యూఎస్1 ఫారం మీద, రిపేర్లు కావాలనే బీ2 గ్రేడు వచ్చిందని భయపడి సగం ధరకి నగదు కొనుగోలుదారుడికి ఇచ్చేయకండి, అలా ఇచ్చేసినవాళ్లున్నారు. డీడ్, ల్యాండ్‌లార్డ్స్ సర్టిఫికేట్, నిధి అప్లికేషన్ ఏ దశలో ఉందో ఏజెంట్ ఇచ్చిన లెటర్, ఈ మూడూ సిద్ధంగా ఉంటే కొనేవాళ్ల సొలిసిటర్ అడిగే ప్రశ్నల్లో చాలావాటికి జవాబు దొరుకుతుంది.

కాబట్టి ఈ వారం మీరు చేయాల్సింది: డీడ్ సంతకం పెట్టి రికార్డెడ్ డెలివరీలో పంపడం, ఖర్చుల విడదీత, సర్టిఫికేట్ అడుగుతూ ఈమెయిల్ చేయడం. ల్యాండ్‌లార్డ్స్ సర్టిఫికేట్ వచ్చాక, పేర్లు తీసేసి, నికర ఆస్తి గురించి ఏం రాశారో ఇక్కడ పెట్టండి. దాన్ని చూస్తే మీకు 15,000 పరిమితా, సున్నానా అన్నది చెప్పొచ్చు.